గుప్పెట్లో మంత్రి

నేను ఒక మంత్రిని. చదరంగంలో తెల్ల మంత్రిని. ఎత్తు మీ చూపుడువేలంత. తల మీద ఎనిమిది మొనల కిరీటం, మెడకి ఎర్ర లక్క పట్టీ. ఆ ఎనిమిది మొనల్లో ఒకటి సగానికి విరిగి ఉంటుంది. బల్ల మీద నా అంత దూరం వెళ్ళగల పావు ఇంకొకటి లేదు. నిలువుగా వెళ్తాను, అడ్డంగా వెళ్తాను, ఏటవాలుగా మూలలకీ వెళ్తాను. కానీ నేను తప్పకుండా వెళ్ళవలసిన గడి నా బతుకులో ఒక్కటే వచ్చింది. ఆ రోజు వెళ్ళలేకపోయాను. నా గురించి చెప్పుకోవడానికి గొప్పలు కూడా కొన్ని ఉన్నాయి. అవి చెప్పబోతే నాకే మొహం చెల్లదు.

ఏటికొప్పాకలో అప్పలాచారి అనే ఆయన నన్ను అంకుడు కర్రలోంచి తీశాడు. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి నడుము సన్నం చేశాడు. లక్క ముక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి నా మెడకి పట్టీలా అంటుకుంది. మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెచ్చాడు. కిరీటం మాత్రం తిరిగే మిషన్‌కి లొంగే పని కాదు. అది ఆయన భార్య నూకాలమ్మ పని. నన్ను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఆకురాయితో ఒక్కో మొనా రాసింది.

"మంత్రికి కిరీటమేటి? కిరీటం రాజుకి కదా?" అని అడిగింది మొగుణ్ణి.

"బొమ్మలో అలగే ఉంది. కొనీవోళ్ళు అలగే అడుగుతారు."

"మరి రాజుకేటి పెడతావు?"

"సిలవ."

"సిలవ మోసీవోడు రాజు, కిరీటం ఎట్టుకున్నోడు మంత్రి. బాగుందయ్యా మీ ఆట!"

అప్పలాచారి నవ్వలేదు. ఇంకా ఇరవై రెండు పావులు చెయ్యాలి మరి. నాకు మాత్రం ఆ కిరీటం అంటే చాలా ఇష్టంగా ఉండేది. తర్వాత ఆ మొనలే సాక్ష్యం చెబుతాయని అప్పుడు తెలియదు.

నన్నూ, నాతో పాటు ముప్ఫై ఒక్క పావుల్నీ విజయనగరంలో సాంబమూర్తి గారు కొన్నారు. ఆయన రైల్వేలో టికెట్లు చూసే ఉద్యోగి. పగలంతా రైలుపెట్టెల్లో జనాన్ని లేపి టికెట్టు అడిగేవారు. సాయంత్రం ఇంటికొచ్చి కూతురితో చదరంగం ఆడుతూ కూడా అదే అడిగేవారు. "ఏమ్మా, ఆ గుర్రం ఎక్కడికి పోతోంది? టికెట్టు ఉందా దానికి?" కూతురు పేరు మృదుల. ఆట నేర్చుకోకముందే, పళ్ళు వస్తున్న వయసులో, నన్ను నోట్లో పెట్టుకుని కొరికింది. నా కిరీటంలో విరిగిన మొన ఆమెదే. సాంబమూర్తి గారు కోప్పడలేదు. "మంత్రినే తినేసింది, పెద్దయ్యాక ఎవర్ని మిగులుస్తుంది?" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించారు.

మృదులకి ఒక అలవాటు ఉండేది. ఎదుటివాళ్ళ పావుని తిన్నాక పక్కన పెట్టదు. గుప్పెట్లో ఉంచుకుని, ఆలోచిస్తున్నంతసేపూ వేళ్ళతో తిప్పుతూ ఉంటుంది. ఇంట్లో తండ్రి తెల్లవి, ఆమె నల్లవి. కాబట్టి నేను పట్టుబడితే ఇక ఆ ఆటంతా ఆమె అరచేతిలోనే. "చేతిలో పావు తిరుగుతుంటే బుర్ర తిరుగుతుంది" అని సాంబమూర్తి గారు దాన్ని సమర్థించేవారు. నాకూ బాగానే ఉండేది. మిగిలిన పావులు చాప మీద పడి ఉంటే నేనొక్కదాన్నీ వెచ్చగా ఉండేదాన్ని. ఓడిపోయినా గౌరవం దొరికే చోటు అదొక్కటే అనుకునేదాన్ని. మనుషుల దగ్గర ఎక్కువ కాలం ఉంటే వాళ్ళ తెలివితక్కువతనం మనకీ అంటుకుంటుంది.

మృదులకి పదిహేడో ఏడు నడుస్తుండగా విజయనగరంలోనే ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లలకి పోటీ పెట్టారు. ఒక కల్యాణమండపంలో. అంతకు ముందు రోజు జరిగిన పెళ్ళి తాలూకు థర్మోకోల్ అక్షరాలు గోడ మీద ఇంకా ఉన్నాయి. అన్ని బల్లల మీదా ప్లాస్టిక్ పావులు. ఒక బల్లకి పావులు తక్కువైతే సాంబమూర్తి గారు మమ్మల్ని పట్టుకొచ్చి ఇచ్చారు. కర్రవి కదా అని నిర్వాహకులు మమ్మల్ని మొదటి బల్ల మీద పెట్టారు. ప్లాస్టిక్ పావుల పెట్టెల్లో మంత్రులు రంగుకి రెండేసి ఉంటాయి. మా పెట్టెలో తెల్ల మంత్రిని నేనొక్కదాన్నే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రెండు రోజుల ఆటలయ్యాక, ఆఖరి ఆటకి మొదటి బల్ల దగ్గర ఇద్దరు మిగిలారు. నల్లవాటి వైపు మృదుల. తెల్లవాటి వైపు దమయంతి అనే అమ్మాయి, పలాస పక్క ఊరి నుంచి వచ్చింది. పదహారేళ్ళు. నూనె పెట్టి గట్టిగా అల్లిన జడ, బడి యూనిఫారం. ఆమె వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. మొదట సిరా అనుకున్నాను. కాదు. జీడిగింజలు ఒలిస్తే ఆ పాలు అంటుకుని చర్మం కాలి నల్లబడుతుంది. సెలవుల్లో తల్లితో పాటు జీడి బట్టీకి వెళ్ళేదట.

ఆ సంగతి ఆమే చెప్పింది. ఆటకి ముందు ఉప్మా పొట్లాలు పట్టుకుని ఇద్దరూ బల్ల దగ్గరే నిలబడి తిన్నారు.

"గెలిచినోళ్ళకి విశాఖలో హాస్టలు సీటంటకదా అప్పా. ఇంటరు రెండేళ్ళూ అక్కడే చదువంట, తిండీ వాళ్ళదేనంట," అంది దమయంతి. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు.

"అవును. రాష్ట్రం పోటీకి కూడా వాళ్ళనే పంపుతారు."

"నాకు రాష్ట్రం సంగతి తెల్దు. హాస్టలైతే సాలు. నేకపోతే సోమారం నుంచి బట్టీయే."

మృదుల నవ్వింది. "అయితే నన్ను ఓడిపొమ్మంటావా ఏంటి?"

"సీ, అదేటప్పా! ఆడే గెలుస్తాను."

మృదులకి అప్పటికే ఊళ్ళో మంచి కాలేజీలో సీటు ఉంది. ఆమెకి కావలసింది తండ్రి నలుగురిలో చెప్పుకోవడానికి ఒక కప్పు. సమంగా ముగిసినా కప్పు మృదులదే, ఆమెకి అర పాయింటు ఎక్కువ. దమయంతి మాత్రం గెలిచి తీరాలి.

దమయంతి నా ముందున్న బంటుని రెండు గళ్ళు ముందుకి జరిపి ఆట మొదలుపెట్టింది. ఆమెకి వచ్చిన మొదలు అదొక్కటే. వాళ్ళ సోషల్ మాస్టారు "ముందు మంత్రి గుమ్మం తియ్యండర్రా, తర్వాత చూసుకుందాం" అని నేర్పారట. అది పాత పద్ధతి, పెద్ద పెద్ద ఆటగాళ్ళు నమ్ముకున్న పద్ధతి. మృదుల కూడా తన మంత్రి ముందు బంటునే ఎదురు పెట్టింది. దమయంతి పక్క బంటుని కూడా ముందుకి తోసి, తింటే తినమని వదిలేసింది. మృదుల తినేసింది. పది ఎత్తుల తర్వాత దమయంతి దాన్ని రాబట్టుకుంది. ఆమె ఆటలో తొందర లేదు. ఎత్తు వేసే ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బల్ల మొత్తాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి చూసేది. నన్ను పట్టుకున్నప్పుడు ఆ గరుకు వేళ్ళు చాలా మెత్తగా పట్టుకునేవి. విరిగిన మొనని ఒకసారి బొటనవేలితో తడిమి చూసింది.

ఇరవై మూడో ఎత్తులో దమయంతి, నల్ల మంత్రి నన్ను తినేలా తనే వదిలి, దాన్ని గుర్రంతో కొట్టింది. మంత్రులిద్దరం దిగిపోయాం. లెక్క సరిగ్గా వేసింది. మేము లేకపోతే నా ముందు బంటుకి దారి ఖాళీ. అలవాటు ప్రకారం నేను మృదుల గుప్పెట్లోకి వెళ్ళాను.

ఆ తర్వాత ఆటని నేను వేళ్ళ సందుల్లోంచే చూశాను. ఆ బంటు ఒక్కో గడీ ఎక్కింది. ఏనుగులు పోయాయి, గుర్రాలు పోయాయి. చివరికి ఒక పక్క దమయంతి రాజు, ఆఖరి గడికి ఒక్క అడుగు దూరంలో ఆ బంటు. ఇంకో పక్క మృదుల రాజు, చివరికి రెండడుగుల దూరంలో ఆమె బంటు. ఎత్తు దమయంతిది. బంటు చివరి గడికి చేరితే దాన్ని తీసి, దాని చోట మంత్రిని పెట్టుకోవచ్చు. ఆ మంత్రి ఏటవాలుగా వెళ్ళి మృదుల బంటుని ఆపేస్తుంది. ఆట అయిపోయినట్టే. మృదులకి ఆ సంగతి తెలుసు. ఆమె అరచెయ్యి చెమట పట్టింది.

గడియారంలో దమయంతికి మిగిలింది నలభై సెకన్లు. బంటుని చివరి గడిలో పెట్టింది. నా కోసం చెయ్యి చాపింది.

దమయంతి, మృదుల పక్కన పడి ఉన్న తెల్ల పావుల్లో వెతికింది. ఏనుగు ఉంది, గుర్రం ఉంది, బంట్లు ఉన్నాయి. నేను లేను. బల్ల కింద చూసింది. తన ఒళ్ళో చూసుకుంది. ఆ నల్లటి వేళ్ళు మృదుల గుప్పెట పక్కనుంచి రెండుసార్లు వెళ్ళాయి. జానెడు దూరం కూడా లేదు.

"మంత్రేదప్పా?" అంది మెల్లగా.

మృదుల ఆమె వైపు చూడలేదు. గోడ మీదున్న 'నిశ్శబ్దం' అనే బోర్డు వైపు చూసి, "ఆటలో మాట్లాడకూడదు" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అంతవరకూ నేను మృదుల చేతిలో ఉన్నది అలవాటు కొద్దీనే. నన్ను దాచాలని ఆమె అనుకోలేదు. నేనక్కడ ఉన్నానన్న ధ్యాస కూడా లేదు. కానీ దమయంతి "మంత్రేది" అనగానే ఆ గుప్పెట బిగిసింది. నా కిరీటం ఆమె అరచేతిలోకి దిగబడింది. ఆ బిగింపు లోకంలో ఇద్దరికే తెలుసు, ఆమెకీ నాకూ. నేను కర్రని. అరవలేను, దొర్లలేను. అయినా ఆ రోజు నుంచీ నా వల్ల కాలేదని సర్దిచెప్పుకోలేకపోతున్నాను. పదేళ్ళు ఆ గుప్పెట్లో వెచ్చగా కూర్చుని అదే గౌరవమనుకున్నదాన్ని నేనే కదా.

పన్నెండు సెకన్లు. దమయంతి ఇక వెతకలేదు. బయట పడి ఉన్న తన ఏనుగుని తీసి, తలకిందులుగా చివరి గడిలో పెట్టి, గడియారం నొక్కింది. వాళ్ళ బడిలో ఒకటే చదరంగం. రెండో మంత్రి కావలసి వస్తే ఏనుగుని తిరగేసి పెట్టుకుంటారు. తిరగేసిన ఏనుగంటే మంత్రే. అక్కడ పిల్లలందరికీ అది తెలుసు, ఎవరూ కాదనరు.

మృదుల చెయ్యి ఎత్తింది. నన్ను పట్టుకోని చెయ్యి.

ఆర్బిటర్, అంటే ఆట తీర్పరి, పట్నాయక్ గారు వచ్చారు. వయసైన మనిషి, మెడలో కళ్ళజోడు తాడు. బల్ల చూసి నిట్టూర్చి, ఏనుగుని తీసి నిటారుగా పెట్టారు.

"ఏనుగు ఎలా పెట్టినా ఏనుగే అమ్మా."

"మంత్రి సార్ అది. మా బడిలో అలగే పెడతాం."

"బడిలో పెట్టుకోండి. ఇక్కడ రూలు ఇది. మంత్రి కనపడకపోతే గడియారం ఆపి నన్ను పిలవాలి. పొద్దున చదివాను కదా?"

చదివారు. ఇంగ్లిషులో, కుయ్యిమంటున్న మైకులో. గడియారం ఆపవచ్చన్న సంగతే దమయంతికి తెలియదు. గడియారమన్న తర్వాత నడుస్తూనే ఉంటుందనుకుంది.

"మంత్రి కనిపించనేదు సార్," అంది.

"ఎందుకు కనపడదు? అదుగో."

నేను అప్పటికి అక్కడే ఉన్నాను. ఆయన మాట్లాడుతుండగా మృదుల చెయ్యి బల్ల అంచుకి వచ్చి, నన్ను గుర్రం వెనకాల నిలబెట్టి వెళ్ళింది. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు నిలబడ్డాను. నా బతుకులో అంత నిటారుగా ఎప్పుడూ నిలబడలేదు. అంత సిగ్గుగానూ నిలబడలేదు.

దమయంతి నా వైపు చూసింది. చాలాసేపు చూసింది.

ఏనుగుకి ఏటవాలు దారి లేదు. కిందికి వద్దామంటే తన రాజే అడ్డం, పక్కకి పోదామంటే మృదుల రాజు కాపలా. మృదుల బంటు ఒక అడుగు వేసింది, మరో అడుగు వేసి నల్ల మంత్రి అయింది. నల్ల మంత్రి దమయంతి వైపే ఉంది. దాన్ని తనే తీసి మృదులకి అందించింది. గడియారంలో మిగిలిన ఆ కాసిని సెకన్లలోనే ఇంకో నాలుగు ఎత్తులు ఆడి, తన రాజుని పడుకోబెట్టింది.

ఆట అయ్యాక చెయ్యి కలపాలన్నది ఈ ఆటలో మర్యాద. దమయంతి చెయ్యి చాపింది. మృదుల ఇచ్చిన చెయ్యి అందుకుని, వెంటనే వదలకుండా తిప్పి చూసింది. అరచేతి నడుమ గుండ్రంగా ఎర్రటి గాట్లు. ఏడు లోతుగా, ఒకటి సగం.

"నీ చెయ్యేటప్పా, ఇలగ గాట్లు పడిపోయింది?"

"ఏం లేదు," అంది మృదుల. చెయ్యి లాక్కుంది.

దమయంతి ఎత్తులు రాసిన కాగితం మీద సంతకం పెట్టి, సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

సాంబమూర్తి గారు వీధి వీధంతా మిఠాయి పంచారు. మృదుల రాష్ట్రం పోటీకి వెళ్ళి మొదటి మూడు ఆటలూ ఓడిపోయి వచ్చింది. హాస్టలు సీటు ఆమెకి అక్కర్లేదు. తీసుకోనని ఉత్తరం రాసింది. ఆ సీటు వేరేవాళ్ళకి ఇవ్వడానికి గడువు దాటిపోయిందన్నారు. ఆ ఏడు విశాఖలో ఒక మంచం ఖాళీగా ఉండిపోయింది. నేను బల్ల మీద ఎన్ని పావుల్ని తిన్నానో లెక్కలేదు. ఆ మంచం సంగతి తలుచుకున్నప్పుడు మాత్రం ఒళ్ళు కుంచించుకుపోతుంది.

ఆ తర్వాత ఆమె ఆడటం మానేసింది. తండ్రి అడిగితే "చదువు ఎక్కువైంది నాన్నా" అనేది. మేము పెట్టెలో ఉండిపోయాం. పక్కనే ఆ ఏనుగు. తనని తిరగేసి నిలబెడితే నిలబడింది, పాపం, తనవల్ల అయింది చేసింది. నన్ను తిరగేస్తే నిలబడలేను, కిరీటం అడ్డం. ఇంతకంటే చెప్పడానికేముంది?

తొమ్మిదేళ్ళ తర్వాత ఒక రోజు మృదుల పెట్టె తెరిచి, నన్నొక్కదాన్నే తీసుకుంది. ఆమె ఆర్బిటర్ పరీక్ష పాసయింది. బ్యాంకు ఉద్యోగానికి సెలవు రోజుల్లో పిల్లల పోటీలకి వెళ్ళేది. ప్రతి పోటీలోనూ మొదట తెలుగులో, మైకు కట్టేసి, బల్ల బల్ల దగ్గరికీ వెళ్ళి చెప్పేది. "మంత్రి కావాలంటే గడియారం ఆపి చెయ్యెత్తండి, నేనొచ్చి ఇస్తాను. తిన్న పావులు బల్ల మీదే పెట్టాలి, చేతిలో ఉంచుకోకూడదు." మొదటి మాట రూలు పుస్తకంలో ఉంది. రెండోది ఆమె సొంతం. ఆమె భుజాన వేసుకునే సంచీలో నేనుండేదాన్ని. అదనపు మంత్రిని. ప్లాస్టిక్ పావుల మధ్య నన్ను పెడితే పిల్లలు నవ్వేవాళ్ళు.

అలాగే ఒక జనవరిలో పలాస పక్కనే కాశీబుగ్గలో ఒక బడికి వెళ్ళాం. తొమ్మిదేళ్ళ గుంట ఒకతె బంటుని చివరి గడికి చేర్చి, టక్కున గడియారం ఆపి, చెయ్యి నిటారుగా ఎత్తింది. మంత్రి కోసం వెతకనైనా లేదు.

"మంత్రి ఇవ్వండి మేడం."

మృదుల నన్నిచ్చింది.

"ఓలమ్మ, కర్రది!" అని నవ్వి ఆ పిల్ల నన్ను గడిలో పెట్టింది. నాలుగు ఎత్తుల్లో ఆట ముగిసింది. పదేళ్ళ ఆలస్యంగా ఆ వైపు పిల్ల బంటు చోటికి వెళ్ళాను. సంతోషించే హక్కు నాకుందో లేదో తెలియక ఊరికే నిలబడ్డాను.

ఆట అయ్యాక పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఒకామె వచ్చింది. జీడి బట్టీల వీధి నుంచి ఆరుగురు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది ఆమేనట. సాయంత్రాలు పని దిగాక వాళ్ళకి ఆట నేర్పుతుందట. బల్ల దగ్గర ఆగింది. నన్ను తీసుకుంది.

వేళ్ళు తెలిశాయి నాకు. ఇప్పుడు చివర్లే కాదు, సగం దాకా నలుపు, పగుళ్ళు. బొటనవేలు తిన్నగా విరిగిన మొన మీదికి వెళ్ళింది.

"దొరికీసిందా అప్పా, మంత్రి?" అంది దమయంతి.

 "పోలేదు. నా చేతిలోనే ఉంది. అప్పుడు..." అంది మృదుల.

"తెల్సు. నీ చెయ్యి సూసాను కదా."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవులికి సెప్తాను? నువ్వే సెప్తావేమోనని గుమ్మం కాడ సానాసేపు నిలబడ్డాను. మా మాస్టారు బస్సెళ్ళిపోతందని కేకేసారు." కోపం లేదు ఆ గొంతులో. ఆట కాగితం చదువుతున్నట్టు చెప్పింది. "ఈ గుంటలికి మాత్రం మొదటి రోజే నేర్పీసాను. ఎతకొద్దు, గడియారం ఆపీసి సెయ్యెత్తండని."

మృదుల కళ్ళు తుడుచుకుంది. నన్ను దమయంతి చేతిలోనే ఉంచి, ఆ వేళ్ళు మూయబోయింది. "దీన్ని నువ్వు ఉంచుకో. పిల్లలకి పనికొస్తుంది."

దమయంతి వేళ్ళు మూసుకోలేదు.

"మాకెందుకప్పా? మా పెట్టిలో రెండేసి మంత్రులున్నాయి," అంది. నన్ను తిరిగి మృదుల అరచేతిలో నిలబెట్టింది. "ఇది నీ కాడే ఉండాల."

పిల్లల్ని లెక్కపెట్టుకుని, వరసగా గేటు దాటించి వెళ్ళిపోయింది.

ఇప్పటికీ నేను ఆ సంచీలోనే ఉన్నాను. ఎవరైనా చెయ్యెత్తితే వెళ్తాను, పని అయ్యాక వెనక్కి వస్తాను. తిరుగు రైల్లో మృదుల ఒక్కోసారి నన్ను తీసి అరచేతిలో నిలబెట్టుకుంటుంది. రైలు కుదుపుకి నేను పక్కకి పడతాను. మళ్ళీ నిలబెడుతుంది. మళ్ళీ పడతాను. పట్టుకుంటే పడను, ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా ఆ చెయ్యి మూయదు.